ఏడుకొండలు కడుపులో మందు

1999 చలికాలం. బందరులో నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రికి ఎండోస్కోపీ మిషను వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఎండోస్కోపీ అంటే చివర లైటు, కెమెరా ఉన్న గొట్టాన్ని నోట్లోంచి కడుపులోకి దించి, లోపల ఏముందో టీవీలో చూడటం. అంతకుముందు మా వైపు వాళ్ళకి ఆ పరీక్ష కావాలంటే విజయవాడ వెళ్ళాల్సిందే. నేను ఆ గదిలో స్టాఫ్ నర్సుని. గొట్టం కడగడం, పేషెంటును ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టడం, ఓకారం వస్తే పట్టుకుని ధైర్యం చెప్పడం నా పని. వీటన్నిటికంటే పెద్ద పని ఇంకోటుంది. వచ్చినవాళ్ళు నిజంగా పరగడుపున వచ్చారో లేదో కనిపెట్టడం.

ఆ పరగడుపు గొడవతో నాకు తల ప్రాణం తోకకొచ్చేది. మా జిల్లా వాళ్ళ లెక్కలో అన్నం తింటేనే తిన్నట్టు. "ఏమీ తినలేదండీ" అని ఒట్టేసి, టేబులెక్కాక "రెండిడ్లీలు తిన్నాను, అది టిఫినేగా" అంటారు. కాఫీ అసలు లెక్కలోకే రాదు. గుడివాడ నుంచి వచ్చిన ఒక మాస్టారైతే బస్సెక్కే ముందు గ్లాసుడు మజ్జిగ తాగి, "కడుపు చల్లగా ఉంటే మీకు తేలిక కదమ్మా" అన్నారు. చదువుకున్నవాళ్ళే ఇలా ఉంటే ఇంకెవరి మీద అరవను? కడుపులో ఏదన్నా ఉంటే గొట్టం వేసినప్పుడు అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అది చెప్పి చెప్పి నా గొంతు పోయేది.

అలాంటి రోజుల్లో ఏడుకొండలు వచ్చాడు. అవనిగడ్డ అవతల సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరు. బోటు మీద వేటకెళ్ళే మనిషి. ముప్పై ఐదేళ్ళుంటాయేమో గాని, బుగ్గలు లోపలికి పోయి యాభై ఏళ్ళవాడిలా ఉన్నాడు. వెంట ఇద్దరు ఆడవాళ్ళు. ఒకావిడ తల్లి నాంచారమ్మ, బస్టాండుల్లో చేపల తట్టతో తిరిగి తిరిగి గట్టిపడ్డ గొంతు. రెండో ఆమె భార్య మల్లేశ్వరి, బందరు పక్కనే గిలకలదిండి పిల్ల. అత్త ఒక బెంచీ మీద, కోడలు ఎదురుగా ఇంకో బెంచీ మీద. మధ్యలో ఈయన, ఎటు చూడాలో తెలియక నేల చూపులు చూస్తూ.

పేరు, ఊరు రాసుకుంటూ ఎన్నాళ్ళ నుంచి బాధ అని అడిగాను. పదేళ్ళ నుంచీ అన్నాడు. మొదట్లో ఆకలేసినప్పుడు పొట్ట పైభాగంలో మంట. ఏదన్నా తింటే తగ్గేది, రెండు గంటలకి మళ్ళీ మొదలు. ఊళ్ళో ఉన్న ఆర్ఎంపీ గ్యాసన్నాడు. చప్పరించే బిళ్ళలిచ్చాడు, వారానికో ఇంజెక్షను పొడిచాడు. మా వైపు పైన తలనొప్పి, కింద కాళ్ళనొప్పి, మధ్యలో ఏదొచ్చినా గ్యాసే. పదేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు ఒక పరీక్ష చేయించుకోమని చెప్పలేదు. ఆ మాట వింటుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడాది నుంచి మంట తగ్గిందట, దాని బదులు సాయంత్రమయ్యేసరికి వాంతి. నిన్న తిన్నది ఇవాళ కక్కుతున్నాడట.

"మరి ఇప్పుడైనా పరీక్షకి వచ్చారు, సంతోషం" అన్నాను.

"పరీచ్చకి కాదమ్మా" అంది నాంచారమ్మ. "మందు సూపించడానికి."

ఈ మందు సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ఎవరో గిట్టనివాళ్ళు అన్నంలో ఏదో కలిపి పెడతారనీ, అది అరక్కుండా కడుపులో కూర్చుని మనిషిని పీల్చేస్తుందనీ ఒక నమ్మకం. మొగుణ్ణి గుప్పిట్లో పెట్టుకోవడానికి పెళ్ళాలే పెడతారని కూడా అంటారు. దాన్ని తీసేవాళ్ళు ఊరూరా ఉంటారు. పసరు తాగించి కక్కిస్తారు. కక్కినదాంట్లోంచి నల్లటి ముద్ద ఏరి విస్తరాకులో పెట్టి చూపిస్తారు.

ఏడుకొండల్ని అలా ముగ్గురి దగ్గరికి తిప్పారు. ముగ్గురూ ముద్ద చూపించారు. వెంట్రుకలతో సహా. ఇది కోడలి పనేనని నాంచారమ్మ తేల్చేసింది. పిల్లలిద్దర్నీ తన దగ్గరే ఉంచుకుని నెలన్నర కిందట మల్లేశ్వరిని పుట్టింటికి తోలేసింది. ఊరి పెద్దలు మాత్రం సాక్ష్యం లేకుండా తెగతెంపులు చెయ్యం అన్నారట. అంతలో బందరులో కడుపుని టీవీలో చూపిస్తారని ఈవిడ చెవిన పడింది.

"ఆ టీవీలో మందు కనపడగానే డాట్టరు గారు కాయితం మీద రాసియ్యాలి. అది పట్టుకెళ్ళి పెద్దల ముందు పెడతాను. ఇది కూడా కళ్ళారా సూత్తదని రమ్మన్నాను" అని కోడలి వైపు చెయ్యి చూపించింది.

మల్లేశ్వరి ఏడవలేదు, అరవలేదు. "సూపించండి సిస్టర్ గారూ. ఏదుంటే అది సూపించండి. నా పిల్లలు నాక్కావాలి" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మందూ లేదు మాకూ లేదని గట్టిగానే చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నాంచారమ్మ చీర కుచ్చెళ్ళు సర్దుకుని, "మీరు సదూకున్నోళ్ళు, మీకు ఇయ్యి తెలవ్వులే" అని నన్నే ఓదార్చింది.

ఆ రాత్రికి వార్డులో ఉంచాం. మర్నాడు పొద్దున్నే పరీక్ష. నాంచారమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తానంటే డాక్టరు గారు సరే అన్నారు. ఆయనకి ఎవర్నీ కాదనడం చేతకాదు. పరగడుపునే వచ్చావా అని ఏడుకొండల్ని మూడు రకాలుగా అడిగాను. కాఫీ? లేదు. మజ్జిగ? లేదు. నిన్న మధ్యాహ్నం నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదన్నాడు. రాత్రంతా వార్డులో పక్కనే కూర్చున్న తల్లి కూడా అదే చెప్పింది.

గొంతులో మత్తు మందు కొట్టి గొట్టం దించారు. కెమెరా కడుపులోకి వెళ్ళగానే టీవీ నిండా బురదనీళ్ళు. అందులో పీచులు, ముద్దలు ముద్దలుగా తేలుతున్నాయి. నేను నోరు తెరవబోయాను. ఇంకేముంది, వీడూ అందరిలాంటివాడే అనుకున్నాను. డాక్టరు గారు ఆగమని చెయ్యి చూపించి, టీవీలో బొమ్మని అలాగే ఆపి, గబగబా గొట్టం బయటికి లాగేశారు.

తలుపు దగ్గర్నుంచి కేక. "అదిగో! ఎంట్రుకలు! సూశారా, ఎంట్రుకలు! రావే మల్లేశూ, నీ నిరవాకం సూడు!"

మల్లేశ్వరి లోపలికొచ్చింది. ఆగిపోయిన టీవీ బొమ్మ వైపు చూసి గోడకి చేరబడిపోయింది. తనకే అనుమానం వచ్చినట్టుంది పాపం, నిజంగానే ఏదన్నా చేశానా అని. ఆ మొహం చూశాక నా కోపం ఎవరి మీదికి పోవాలో తెలియక లోపలే ఉడికింది.

డాక్టరు గారు ఏడుకొండల్ని వెల్లకిలా పడుకోబెట్టి, పొట్టకి రెండు పక్కలా చేతులు పెట్టి కదిలించారు. సగం నిండిన బిందెని ఊపితే వచ్చే చప్పుడు గదిలో అందరికీ వినపడింది. తర్వాత మామూలుగా మాట్లాడుతున్నట్టే అడిగారు.

"పీచున్న వస్తువు ఏం తిన్నావు ఈ మధ్య?"

ఏడుకొండలు మొద్దుబారిన గొంతుతో, "తేగలండీ" అన్నాడు.

"ఎప్పుడు?"

"సోమారం. మళ్ళీ తిన్లేదు."

ఆ రోజు గురువారం.

"ఎవరిచ్చారు?"

"అమ్మే. కడుపు సుబ్బరం అవుద్దని కాల్చి పెట్టింది. అంతకుముందు కూడా పెడతానే ఉంది."

డాక్టరు గారు అక్కడితో ఆపేద్దురు. నేనే ఉండబట్టలేకపోయాను.

"ఏమ్మా నాంచారమ్మా, నీ కోడలు పుట్టింటికెళ్ళి నెలన్నరయింది. సోమవారం నీ ఇంట్లో, నీ చేత్తో పెట్టిన తేగల పీచు ఇది. నువ్వన్న వెంట్రుకలు ఇవే. ఇప్పుడు చెప్పు, కాగితం మీద ఎవరి పేరు రాయమంటావు?"

ఆవిడ డాక్టరు గారి కాళ్ళ దగ్గర కూలబడి, "అయితే నేనే సంపుకుంటున్నానా బాబూ నా కొడుకుని?" అంది. కరుకుగా మాట్లాడినందుకు నేనేం నొచ్చుకోలేదు.

"ఎవరూ ఏమీ పెట్టలేదమ్మా" అన్నారు డాక్టరు గారు. "లాకు తలుపు తుప్పు పట్టి మూసుకుపోతే కాలవ నీళ్ళు ఎటు పోతాయి? వెనక్కే కదా. మీవాడి కడుపుకీ అదే అయింది."

కడుపు నుంచి పేగులోకి వెళ్ళే గుమ్మాన్ని పైలోరస్ అంటారు. దాని పక్కనే పదేళ్ళుగా అల్సరు, అంటే పుండు, మానుతూ మళ్ళీ రేగుతూ మచ్చ కట్టి, దారి మూసుకుపోయింది. అందుకే తిన్నది రోజుల తరబడి కడుపులోనే ఉండి కుళ్ళుతోంది. మందు తీసేవాళ్ళకి దొరికిన నల్ల ముద్దలు కూడా పాత తిండే. ఎవరు కక్కించినా ముద్ద రాక ఏం చేస్తుంది?

లావుపాటి గొట్టం వేసి కడుపు కడిగాం. సెలైన్లు ఎక్కించాం. రెండు రోజులాగి మళ్ళీ ఎండోస్కోపీ చేస్తే గుమ్మం కనపడింది. పెన్సిలు కూడా దూరదు. బయాప్సీ అని అక్కడి నుంచి చిన్న ముక్క తీసి విజయవాడ పంపారు, క్యాన్సరేమో చూడటానికి. రిపోర్టు వచ్చేదాకా నాంచారమ్మ మెతుకు ముట్టలేదు. క్యాన్సరు కాదని రాగానే ఏడ్చింది. హమ్మయ్య అనుకున్నాను. అనుకోవడం నా తప్పు.

దారి మూసుకుపోయింది కాబట్టి ఆపరేషను చేసి కడుపుని పేగుకి వేరే చోట కలపాలని సర్జను గారు చెప్పారు. వెంటనే నాంచారమ్మ మళ్ళీ మొదలు. అమావాస్య వెళ్ళాలి. పెద్దల్ని అడగాలి. కత్తి పెడితే లోపల మిగిలిన మందు ఒళ్ళంతా పాకుద్ది.

"ఏ మందు?" అన్నాను. వార్డులో అందరూ తిరిగి చూశారు. "ఇంత చూశాక కూడా ఏ మందు తల్లీ? ఇంకో నెలాగితే మంచిరోజు చూసుకోవాల్సింది ఆపరేషనుకి కాదు, పెద్దకర్మకి!"

ఆవిడ మొండిగా మంచం కోడు పట్టుకుని కూర్చుంది. ఏడుకొండలు నీరసంతో కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు మల్లేశ్వరి లేచి నా దగ్గరికొచ్చింది. ఆపరేషనులో ప్రాణానికి ప్రమాదం ఉండొచ్చా అని అడిగింది. ఉండొచ్చు, మనిషి బాగా నీరసంగా ఉన్నాడు కదా అని ఉన్నమాటే చెప్పాను.

"పోతే నన్నే అంటారు" అంది. ఒక్క క్షణం మొగుడి వైపు చూసింది. "ఇప్పటికే అంటన్నారుగా. సంతకం ఎక్కడ పెట్టాలో సెప్పండి."

ఆపరేషను బాగా జరిగింది. వారం తర్వాత పల్చటి జావ తాగి, సాయంత్రమైనా వాంతి చేసుకోకుండా కూర్చున్న ఏడుకొండల్ని చూసి మల్లేశ్వరి వరండాలోకి వెళ్ళి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆసుపత్రికొచ్చాక ఆమె ఏడవగా చూడటం నాకదే మొదటిసారి. ఇంటికి వెళ్ళేటప్పుడు నాంచారమ్మ కోడల్ని రమ్మని పిలవలేదు, వద్దనీ అనలేదు. బస్సు వచ్చే టైమైందని సంచీ తీసి ఆమె చేతికిచ్చింది. వాళ్ళ భాషలో అదే పిలుపనుకుంటాను.

రెండు నెలల తర్వాత చెకప్‌కి వచ్చారు. ఏడుకొండలు ఒళ్ళు చేశాడు. మళ్ళీ బోటెక్కుతున్నాడట. వెనకే నాంచారమ్మ. ఆవిడ వెనక వాళ్ళ ఊరి వాళ్ళు నలుగురైదుగురు, పొట్టలు పట్టుకుని.

"ఈయమ్మే" అని నన్ను చూపించింది వాళ్ళకి. "టీవీలో సూసి మందు తీత్తారని సెప్పలా, ఆ నర్సమ్మగారు ఈయమ్మే."

ఇన్ని రోజులు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పిందంతా కొల్లేట్లో పోసినట్టయింది. మల్లేశ్వరిని పక్కకి పిలిచి, "ఏంటమ్మా ఇది? ఎవరూ ఏమీ పెట్టలేదని చెప్పాం కదా!" అన్నాను.

ఆమె నవ్వింది. "వదిలెయ్యండి సిస్టర్ గారూ. ఎవురో ఒకళ్ళు పెట్టారనుకోపోతే అత్తకి నిద్దర పట్టదు. పెట్టింది నేను కాదంటంది, అది సాలు నాకు."

నాకు చాలలేదు. ఇవాళ అందరికీ కలిపి ఒకేసారి క్లాసు పీకుదామని కోపంగా హాల్లోకి వచ్చాను. వచ్చినవాళ్ళలో ఒక పెద్దావిడ తన కొడుకుని చూపిస్తూ, "మా కోడలే చేసిందేమోనని నా అనుమానం" అంటోంది నాంచారమ్మతో. నాంచారమ్మ ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది.

"నోరు ముయ్యి వదినా" అంది. "టీవీ సూసేదాకా ఎవుర్నీ ఏమీ అనమాక. కోడల్ని ఇంట్లోంచి పంపమాక. ముందు సూడనీ."

నేను పీకాల్సిన క్లాసు అక్కడే ఆగిపోయింది. ఆ పెద్దావిడ కొడుక్కి ఉన్నది అల్సరే. మచ్చ కట్టక ముందే వచ్చాడు కాబట్టి కత్తి అవసరం లేకుండా మాత్రలతో మానింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ గదిలో పనిచేశాను. పాతబడ్డ కడుపు బాధతో వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇప్పటికీ ఆ మాటే. గ్యాసని మీరూ అనకండి, మందని మీ అమ్మనీ అననివ్వకండి. ముందు లోపలికి చూడనివ్వండి, ఏమన్నా అనుకోవడం తర్వాత. ఈ సలహా డాక్టరు గారిదో నాదో అయితే బాగుండేది. నాంచారమ్మదని ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ కాస్త కష్టంగానే ఉంటుంది.