చర్చించడమైనది

టేపు అంటే నాకు ఒళ్ళుమంట. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకూడదు. మెడలో కొలతల టేపు వేసుకునే తిరుగుతుంది కాబట్టి వీధిలో అందరూ ఆవిడని టేపు అంటారు, చిన్నవాళ్ళు టేపక్క అంటారు. మలుపులో ఆవిడ కుట్టుమిషను. బడిపిల్లల యూనిఫారాలు, చిరిగిన సంచులు, పొడుగైన ప్యాంట్లు, ఏదిచ్చినా కుడుతుంది. చిన్నప్పుడు జబ్బు చేసి ఎడమకాలు చచ్చుబడిపోయింది. చంకలో కర్రతో నడుస్తుంది. మిషను ఒక్క కుడికాలితోనే తొక్కుతుంది, రెండు కాళ్ళతో తొక్కేవాళ్ళకంటే వేగంగా. అదీ నాకు కంటగింపే.

నేను వార్డు ఆఫీసులో టైపిస్టుని. పద్దెనిమిదేళ్ళుగా వార్డు కమిటీ మీటింగులకి మినిట్స్ రాసేది నేనే. వాళ్ళకి పెద్ద బల్ల, చేతుల కుర్చీలు. నాకు గోడవారగా ఒక స్టూలు, ఒళ్ళో పుస్తకం. బల్ల చుట్టూ పన్నెండు మంది మగవాళ్ళు అరుచుకున్నదంతా నేను మర్యాదగా మార్చి రాస్తాను. ‘నీకేమైనా బుద్ధుందా’ అని ఒకరంటే, ‘సభ్యులు ఏకీభవించలేదు’ అని నేను రాస్తాను. ఏ పైపు ఎక్కడ పగిలిందో, ఏ కాలవ ఎప్పుడు పూడిందో వాళ్ళకంటే నాకే బాగా తెలుసు.

రెండేళ్ళ కిందట పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి కమిటీలోనూ ఒక ఆడమనిషి, అంగవైకల్యం ఉన్నవాళ్ళలో ఒకరు తప్పకుండా ఉండాలని. మూడు కాపీలు టైపు చేసింది నేనే. చేస్తూ చేస్తూ ఆ కుర్చీలో నన్ను నేను కూర్చోబెట్టుకుని చూసుకున్నాను కూడా. మర్నాడు సిగ్గు విడిచి ఛైర్మన్‌గారిని అడిగాను. ఆయనకి సిమెంటు దుకాణం ఉంది, గొంతు కూడా దుకాణానికి తగ్గట్టే పెద్దది.

“నువ్వు స్టాఫువమ్మా, కుదరదు. అయినా నువ్వు బల్ల దగ్గరికొస్తే మినిట్స్ ఎవరు రాస్తారు?” అన్నారు.

టేపుని వేశారు. ఆడమనిషీ ఆవిడే, అంగవైకల్యమూ ఆవిడదే. ఒక మనిషితో రెండు గళ్ళు నిండాయి, ఒక కుర్చీ మిగిలింది. నోరెత్తదులే అని కూడా అనుకున్నారు. నేనూ అదే అనుకుని కాస్త కుదుటపడ్డాను.

మొదటి మీటింగు రోజునే ఆవిడ మెట్ల కింద నిలబడి, “నేను పైకి రాలేనండీ, మీరే దిగండి,” అంది. పన్నెండు మందీ గొణుక్కుంటూ దిగారు, బల్లా దిగింది, ఇక మీటింగులన్నీ కిందే. నా మోకాళ్ళు కూడా ఆ మెట్లెక్కలేక ఏనాటినుంచో ఏడుస్తున్నాయి. నేను దిగమంటే దిగేవాళ్ళా?

అప్పటినుంచి నాకు కంటి మీద కునుకు లేదంటే అతిశయోక్తి అవుతుంది గానీ, అన్నం సహించలేదన్నది మాత్రం నిజం. పైగా ఇంట్లో మా అత్తగారు. ఇరవై ఏళ్ళలో నన్ను ఒక్క మంచి మాట అన్న పాపాన పోలేదు. “టేపు చూడు, ఎంత పద్ధతిగా మాట్లాడుతుందో,” అంటారు పళ్ళెం ముందు కూర్చుని. వండింది నేను, పొగడ్త టేపుకి.

ఈలోగా వీధి కుళాయి సంగతి వచ్చింది. పాత కుళాయి గట్టు పగిలిపోయింది, కొత్తది కట్టాలి. పాతది ఒకటిన్నర అడుగుల ఎత్తు. ఖాళీ బిందెతో ఎక్కడం ఒక ఎత్తు, నిండు బిందెతో దిగడం ఒక ఎత్తు. ఇంజనీరు దగ్గర అదే పాత కొలతల బొమ్మ ఉంది. టేపు ఆయన గదికి వెళ్ళి గట్టు తగ్గించమంది. ఆయన కుదరదన్నాడు. మళ్ళీ వెళ్ళింది. ఆయన గది నా బల్లకి ఎదురుగానే, మేడ మీద. ప్రతిసారీ ఆవిడ కర్ర పక్కన పెట్టి, మెట్ల మీద కూర్చుని ఒక్కో మెట్టూ పైకి జరిగి వచ్చేది. ఆరుసార్లు వచ్చింది. ఓర్వలేనివాళ్ళకి లెక్కలు బాగా గుర్తుంటాయి.

ఏడోసారి ఇంజనీరు దగ్గరికి పోలేదు, మీటింగుకే ఆర్డర్ల పుస్తకం తెచ్చింది. ఛాతీ, నడుము, పొడవు అని గళ్ళు కొట్టుకునే పుస్తకం. అందులో కొత్తగా ‘పాదం’ అని ఒక గడి. కుళాయి దగ్గర నలభై మందిని ఆపి, నిండు బిందెతో ఎవరి పాదం నేల మీదనుంచి ఎంత లేస్తుందో కొలిచింది! ముసలమ్మలు, కడుపుతో ఉన్నవాళ్ళు, నడుంనొప్పివాళ్ళు, చక్రాల కుర్చీలో తిరిగే గడియారాల మెకానిక్కు. మెకానిక్కు గడిలో సున్నా.

“ఎవరికి కుట్టేదైనా వాళ్ళ కొలత తీసుకునే కుడతామండీ. గట్టుకి మాత్రం ఎవరి కొలత తీసుకున్నారు?” అని ఇంజనీరుని అడిగింది.

ఆయన తన బొమ్మ మడతపెట్టాడు. గట్టు జానెడు మించకూడదు, ఒకవైపు మెట్టు బదులు వాలు ఉండాలి అంది టేపు. అందరూ తలలూపారు.

“సరే, అలాగే కట్టండి. తీర్మానం రాయమ్మా,” అన్నారు ఛైర్మన్‌గారు.

అది మాత్రం నేను ఓర్చుకోలేకపోయాను. ఎందుకో చెబుతాను. పన్నెండేళ్ళ కిందట, పాత గట్టు కట్టిన కొత్తలో, మా అత్తగారు దాని మీదనుంచి జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. నేను ఇదే ఛైర్మన్‌గారి దగ్గరికి వెళ్ళి, “సార్, గట్టు మరీ ఎత్తండీ, పెద్దవాళ్ళు ఎక్కలేకపోతున్నారు,” అన్నాను. ఆయన తలెత్తకుండా, “ముందు ఆ కాగితాలు టైపు చెయ్యమ్మా,” అన్నారు. అదే మాట. స్టూలు మీదనుంచి అంటే గాలికి పోయింది, కుర్చీలోంచి అంటే తీర్మానమైంది.

మినిట్స్ భాషలో రెండు మాటలున్నాయి. చర్చించడమైనది, తీర్మానించడమైనది. మొదటిదంటే మాట్లాడుకున్నారు, టీ తాగారు, ఇళ్ళకి పోయారు. రెండోదంటే ఇటుకలు కదులుతాయి. మీటింగులో ఎవరేమన్నా ఇంజనీరు కాగితంలో ఉన్నదే కడతాడు. ఆ సాయంత్రం నేను నా బల్ల దగ్గర కూర్చుని, ‘కుళాయి గట్టు ఎత్తు తగ్గించు విషయము చర్చించడమైనది’ అని టైపు చేశాను. ఒక్క అక్షరం కూడా తప్పు పడలేదు. ఛైర్మన్‌గారు ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టారు. ఆ రాత్రి అన్నం సహించింది.

రెండు వారాలకి మేస్త్రీ వచ్చి నేల మీద సుద్దతో గీతలు గీశాడు. ఇంజనీరు ఇచ్చిన కాగితం ప్రకారం అదే పాత ఒకటిన్నర అడుగులు. మీటింగు రేపు, పని ఎల్లుండి. టేపు కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి మెట్ల కిందనుంచి నన్ను పిలిచింది. విషయం తెలిసిపోయిందనే అనుకున్నాను. పోట్లాటకి తయారై దిగాను.

“అక్కా, నేను ఆరోజు సరిగ్గా చెప్పలేదేమో. మినిట్స్‌లో చర్చించారు అని మాత్రమే ఉందట,” అంది. “అందరూ ఊఁ అన్నారనుకున్నాను. నాకు ఈ మీటింగు భాష రాదు. నువ్వయితే ఇన్నేళ్ళనుంచి చూస్తున్నావు. ఎలా చెప్తే పని జరుగుతుందో నాకు నేర్పక్కా.”

తిట్టినా బాగుండేది. “రేపు చూద్దాంలే,” అని పైకి వచ్చేశాను. కానీ కాగితం ఎక్కించినా వేళ్ళు కదల్లేదు. తన మాటే తప్పని ఆవిడ నమ్మేసింది. నన్ను ఒకప్పుడు అలాగే నమ్మించారు.

మర్నాడు మీటింగులో రివాజు ప్రకారం ముందు పాత మినిట్స్ చదివి ఆమోదించాలి. నేను గడగడా చదివేస్తాను, ఎవరూ వినరు. ఆరోజు నెమ్మదిగా చదివాను. కుళాయి దగ్గరికొచ్చి ఆగాను.

“ఇక్కడ తప్పుంది. తీర్మానించడమైనది అని ఉండాలి.”

ఇంజనీరు కాగితాలు తిరగేశాడు. “చర్చించడమైనది అనే కదా నాకొచ్చింది?”

“పొరపాటున పడుంటుంది. దిద్దెయ్యమ్మా, నువ్వు ఆ కొలతలు మార్చవయ్యా,” అన్నారు ఛైర్మన్‌గారు.

అక్కడితో బయటపడేదాన్ని. టేపు నా వైపు చూసి చల్లగా నవ్వింది, బతికించావక్కా అన్నట్టు. ఆ నవ్వు నేను భరించలేకపోయాను.

“పొరపాటు కాదండీ. కావాలనే రాశాను,” అన్నాను. “ఈవిడ మాట మీరు విన్నారని. పన్నెండేళ్ళ కిందట ఇదే నేను చెబితే వినలేదని.”

 ఛైర్మన్‌గారు కళ్ళజోడు తీసి నన్ను చూశారు. “నువ్వు చెప్పావా? నాతోనా? నాకు గుర్తు లేదమ్మా.”

అబద్ధం కాదది, ఆయన మొహమే చెబుతోంది. నిజంగానే గుర్తు లేదు. అబద్ధమైనా బాగుండునని ఏడుపొచ్చింది.

టేపు నవ్వు ఎప్పుడో పోయింది. కర్ర అందుకుని, లేచి, బల్ల చుట్టూ తిరిగి నా స్టూలు దగ్గరికి వచ్చింది.

“నా మీద ఏడుపుంటే నా మీద చూపించాలి. ఆ గట్టు ఎక్కలేనివాళ్ళు నీకేం చేశారక్కా?”

నేను పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను.

“సరే, ఆయన వినలేదు. తర్వాత మళ్ళీ ఎన్నిసార్లు చెప్పావు?”

నేను పుస్తకం మూశాను. ఆవిడ కదలకుండా నిలబడింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ వింటున్నారు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి నా మాట కోసమే ఆగారు.

“ఒక్కసారే,” అన్నాను.