గ్లాసుడు మంచినీళ్ళు

సింగపూర్‌లో నేను హెచ్ఆర్ మేనేజర్‌ని. ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసేయాల్సి వస్తే, గదిలోకి పిలిచి ముందు మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాతే సంగతి చెబుతాను. గడప తొక్కినవాళ్ళకి ముందు మంచినీళ్ళివ్వడం కడియంలో మా ఇంటి అలవాటు. మర్యాదట, నా మొహం. వాళ్ళు ఏడుస్తూ బయటికొచ్చేవారు. స్కూలు లేని రోజుల్లో మా అమ్మాయి ఆ అద్దాల గది బయటే కూర్చుని బొమ్మలేసుకునేది. చూస్తోందని నాకు తట్టనే లేదు.

మొన్న వేసవిలో కడియం వెళ్ళాం. గుమ్మంలోనే మా పిన్ని, "ఎండన పడొచ్చారు, ముందివి తాగండమ్మా" అంటూ మంచినీళ్ళు తెచ్చింది. మా అమ్మాయి గ్లాసు ముట్టుకోలేదు. నా చున్నీ పట్టుకుని, "అమ్మా, మనల్ని కూడా పంపించేస్తారా?" అనడిగింది.

"అదేం మాటే, ఇప్పుడేగా వచ్చారు" అని పిన్ని నవ్వింది. నేను తలెత్తలేకపోయాను.