కొండ ఊరూ, మా ఆవిడ గొంతూ

సెలవు దొరికితే చాలు, ఏడాది పొడుగునా ఒకే ఊరికి వెళ్ళే మనుషుల్ని చూస్తే నాకు ఒకప్పుడు జాలి. కొత్తొక వింత, పాతొక రోత అన్నది నా సిద్ధాంతం. ఇప్పుడు కెనడాలో, మేముండే ఎడ్మంటన్‌లో మా వాళ్ళు మమ్మల్ని చూసి జాలిపడుతున్నారు. చలికాలం, మంచు కరిగే కాలం, ఎండాకాలం, ఆకులు రాలే కాలం, ఎప్పుడు అడిగినా మేము కొండల మధ్య ఒకే ఒక్క ఊళ్ళో ఉంటాం.

ఎడ్మంటన్ నుంచి రాకీ కొండల్లోకి ఆరేడు గంటలు డ్రైవ్ చేస్తే ఆ ఊరు వస్తుంది. ఎప్పుడో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన కుటుంబాలవాళ్ళు తమ పాత ఊళ్ళ పద్ధతిలోనే దాన్ని కట్టుకున్నారు. వాలు కప్పుల చెక్క ఇళ్ళు, బాల్కనీల నిండా ఎర్ర పూలు, గోడ వారగా కిటికీల దాకా పేర్చిన కట్టెలు. ఒక బేకరీ, ఒక చర్చి, ఒక పోస్టాఫీసు. నేనేమో వాగుడుకాయని. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు గానీ, ఎవరూ నోరే విప్పని ఊళ్ళో నా నోరు మంచిదై ఏం లాభం?

అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టింది మా ఆవిడ కోసం. మా తెలుగు చర్చిలో పాట ఎత్తుకునేది తనే. కాకినాడలో గౌన్లు వేసుకునే వయసు నుంచీ అంతే. థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక గొంతు మారిపోయింది. ఇలా జరగొచ్చని డాక్టరు ముందే చెప్పారు, ఇందులో ఎవరి తప్పూ లేదు. మొదట బొంగురుపోయింది. ఆ బొంగురు తగ్గాక బాగా కిందికి దిగి, అక్కడే ఉండిపోయింది. ఫోన్లో బ్యాంకు వాళ్ళు "సర్" అనడం మొదలుపెట్టారు. మొదట్లో ఓపిగ్గా సరిదిద్దేది. తర్వాత ఫోన్ మోగితే నా చేతికిచ్చేసేది. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పెదాలు మూసుకుని కూర్చునేది. బయటికి రాగానే ప్రతి ఒక్కరూ "గొంతు ఎలా ఉంది సిస్టర్?" అని ప్రేమగానే అడిగేవారు. పుండు మీద కారం ప్రేమగా కూడా చల్లొచ్చని నాకప్పుడే తెలిసింది. కొన్నాళ్ళకి చర్చి మానేసింది. ఇంట్లో కూడా పక్క గదిలోంచి మెసేజ్ పెట్టేది. ఇక ఈ మనిషి పాడదేమో, మాట్లాడదేమో అని నాకు భయం వేసింది.

మొదటిసారి చలికాలంలో వెళ్ళాం. ఎనభై దాటిన ఒక పెద్దావిడ తన ఇంటి మేడ మీది భాగం సెలవులకి అద్దెకిస్తుంది. తాళం చేతికిచ్చి, బూట్లు గుమ్మం దగ్గరే విప్పమని చూపించి వెళ్ళిపోయింది. మా ఆవిడ ఎందుకు మాట్లాడటం లేదని అడగలేదు. ఆ ఊళ్ళో ఎవరూ అడగలేదు. ఎదురుపడితే తల ఊపుతారు, అంతే. మా ఆవిడా తల ఊపేది. రెండు రోజుల్లో నాకు పిచ్చెక్కింది, తనకి ఆకలి పుట్టింది. ఆపరేషన్ తర్వాత తనంతట తను మారు వడ్డించుకోవడం అదే మొదలు. అందుకే మంచు కరిగే రోజుల్లో మళ్ళీ తీసుకెళ్ళాను. దారులన్నీ అడుసు, బేకరీ మూత, ఎడతెరిపి లేని వాన. నేను సణుగుతూ రైస్ కుక్కర్ మోశాను. తను కిటికీ దగ్గర కూర్చుని ఊలు అల్లుకుంది.

ఎండాకాలంలో వెళ్ళినప్పుడు ఒక మధ్యాహ్నం గడ్డి కోస్తుంటే చూద్దామని కింద కంచె దాకా వెళ్ళాను. అక్కడ ఒకాయన పాపం నాకు దొరికిపోయాడు. నేను చెబుతున్నాను, ఆయన తల ఊపుతున్నాడు.

"ఏవండీ, పప్పుచారు చల్లారిపోతోంది, రండి."

బాల్కనీలోంచి, గొంతెత్తి పిలిచింది. లోయంతా వినబడింది. గడ్డి కోసేవాళ్ళు తలెత్తి చూశారు. ఏం చేసిందో అప్పుడు తెలిసి, తను గబగబా లోపలికి వెళ్ళిపోయింది. పెరట్లో బట్టలు ఆరేస్తున్న పెద్దావిడ మాత్రం తడి దుప్పటి పట్టుకుని అలాగే నిలబడింది. పిలిచిందెవరని నన్నడిగింది. మా ఆవిడేనన్నాను. సరేనని దుప్పటికి క్లిప్పు పెట్టుకుంది.

ఆకులు పసుపు తిరిగే వేళకి మళ్ళీ వెళ్ళాం. ఎప్పుడూ పైకి రాని పెద్దావిడ ఈసారి మెట్లెక్కి వచ్చింది. ఊరి చర్చిలో ఆర్గన్ వాయించేది ఆవిడే. అక్కడ పాట నాలుగు గొంతుల్లో నడుస్తుంది. ఆడవాళ్ళవి రెండు, మగవాళ్ళవి రెండు. మగవాళ్ళలో పై గొంతు పాడే ఆయన వేరే ఊళ్ళో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడట.

"ఆ చోటికి మీ గొంతు కావాలి. ఎండాకాలంలో విన్నాను. గురువారం ప్రాక్టీసు," అని మా ఆవిడతో చెప్పి దిగిపోయింది.

తలుపు మూశాక మా ఆవిడ ఏడ్చింది. "మగవాళ్ళ వరసలో నిలబడమంటోందండీ. ఎంత తేలిగ్గా అనేసింది," అంది. మా చర్చిల్లో మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు, మధ్యలో నడవా. పుట్టిన దగ్గర్నుంచీ తను ఆ నడవా దాటింది లేదు. బ్యాంకు వాళ్ళ "సర్" ఇప్పుడు మందిరం దాకా వచ్చినట్టయింది. నాకొక జోకు నోటి దాకా వచ్చింది. మింగేశాను. నా జన్మలో నేను మింగిన జోకు అదొక్కటే.

గురువారం "ఊరికే వినడానికి" అంటూ బయల్దేరింది. వాళ్ళు ఎత్తుకున్న పాట మా ఇద్దరికీ తెలిసిన బాణీయే. ఎప్పుడో మిషనరీలు తెచ్చిన ఆ బాణీలోనే మా ఊళ్ళో తెలుగు పాట పాడేవాళ్ళం. పెద్దావిడ మా వైపు చూడకుండా, ఖాళీగా ఉన్న ఆ గొంతు వరస ఒక్కటే ఆర్గన్ మీద వాయించింది. మళ్ళీ వాయించింది. ఇంకోసారి మొదలుపెట్టేసరికి మా ఆవిడ లేచి అందుకుంది, తెలుగు మాటలతోనే. ఇద్దరు ముసలాళ్ళు కాస్త జరిగి మధ్యలో చోటిచ్చారు. ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒకప్పుడు తన గొంతు అందరికంటే పైన వినబడేది. ఇప్పుడు మధ్యలో ఎక్కడో ఉంది, చెవి పెట్టి వెతుక్కోవాలి. అయినా అది చేరాకే పాట నిండింది. వెనక బెంచీ మీద కూర్చుని నేను కళ్ళు తుడుచుకున్నాను. చెప్పొద్దూ, సంతోషంతో పాటు కాస్త ఉక్రోషం కూడా వచ్చింది. ఇన్నాళ్ళూ నేను వాగిన వాగుడంతా చేయలేని పని, పలకరింపుకి కూడా తల ఊపి ఊరుకునే మనుషులు చేసేశారు.

ఎడ్మంటన్‌లో క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకి వెళదామని తనే అంది. కారులో దారి పొడుగునా స్వెటర్ గుండీ పెట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. కొండ ఊళ్ళో తన పాత గొంతు ఎరిగినవాళ్ళు లేరు. ఇక్కడ అందరూ ఎరిగినవాళ్ళే. వెనక్కి తిప్పేయనా అని అడిగాను. వద్దంది.

మేము లోపలికి అడుగుపెట్టగానే ఆడవాళ్ళ ముందు వరసలో ఒక ఆంటీ గబగబా జరిగి, "రామ్మా, నీ చోట్లో ఎవర్నీ కూర్చోనివ్వలేదు," అంది. మా ఆవిడ ఆంటీ రెండు చేతులూ పట్టుకుని, "వందనాలు ఆంటీ," అంది. ఆ గొంతు విని హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. తను మెల్లగా నడవా దాటి, మగవాళ్ళ వరసలో చివర నిలబడింది.

"అటు మగవాళ్ళమ్మా," అంది ఆంటీ, మా ఆవిడ పొరబడిందనుకుని.

"తెలుసు ఆంటీ," అంది మా ఆవిడ, పుస్తకం తెరుస్తూ. "నా గొంతు ఇప్పుడు ఇటు ఉంది."