తప్పుకోవడంలో దిట్ట

అద్దాల దుకాణంలో ఆయన్ని అందరూ బావమరిది అనే అంటారు. ఆయన అక్క మొగుడు కూడా అక్కడే పనిచేస్తాడు, పైగా పని నేర్పిందీ ఆ బావే. బావమరిది నలభై దాటాక కరాటే క్లాసులో చేరాడంటే దుకాణమంతా పడీపడీ నవ్వింది. చేరాలని చేరలేదు పాపం. బావ చేతికి కుట్లు పడటంతో, మేనకోడల్ని క్లాసుకి దింపే పని తనమీద పడింది. గోడవారగా కూర్చున్న మనిషిని, జతకి ఒకరు తక్కువయ్యారని మాస్టారు చెయ్యి పట్టి లేపాడు.

అప్పుడు నేర్పుతున్నది ఒకటే. ఎదుటివాడు స్పాంజి చుట్టిన కర్రతో మీదికొస్తాడు. అడ్డుకోకూడదు, తిరిగి కొట్టకూడదు, పక్కకి తప్పుకోవాలి. పిల్లలు వెనక్కి పరిగెత్తి వీపు మీద దెబ్బ తినేవారు. బావమరిది మాత్రం కర్ర లేచేలోపే పక్కనుండేవాడు.

"ఎక్కడ నేర్చుకున్నారండీ?" అన్నాడు మాస్టారు.

"అద్దాల దగ్గర," అన్నాడు తల దించుకుని.

నిజమే. ఆ పనిలో చేరిన రోజే చెప్తారు: జారే అద్దాన్ని పట్టుకోబోకు, తప్పుకో. ఇంకో మాటా చెప్తారు. ఇద్దరు మోసేటప్పుడు, వదిలేవాడు ముందు "వదులుతున్నా" అని అరవాలి. మొదటి మాట ఆయనకి ఒంటబట్టింది. రెండోది కావలసిన రోజు నోరు పెగల్లేదు.

ఆ రోజు ఒక బట్టల కొట్టు ముందు బావా తనూ నిలువెత్తు అద్దం దించుతున్నారు. అద్దం కాస్త తన వైపు ఒరిగినట్టనిపించింది. అంతే, వదిలేసి పక్కకి దూకాడు. బరువంతా బావ మీద పడింది. మోచేతి నుంచి మణికట్టు దాకా చీరుకుపోయింది. తువ్వాలు చుడుతుంటే బావ అన్న మాట: "నా పట్టే జారిందిరా. నీకేం కాలేదుగా?"

"లేదు బావా," అన్నాడు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మర్నాడు చెప్పడం ఇంకా కష్టమైంది.

కుట్లు విప్పారు. చెయ్యి బాగానే ఉందని డాక్టరు చెప్పాడు. బావకే నమ్మకం పోయింది. టీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకునేవాడు. చివరికి, ఇక అద్దం ముట్టనని, గోడౌను గేటు దగ్గర కాపలా కూర్చుంటానని యజమానికి చెప్పేశాడు. ఎవరినీ తాకనివ్వని తన గ్లాస్ కట్టర్ తీసి బావమరిది జేబులో పెట్టాడు. "నీ చెయ్యి గట్టిదిరా, నువ్వుంచుకో."

ఆ సాయంత్రమే బావ, కూతురి క్లాసు చూడటానికి వచ్చాడు. మాస్టారు "తప్పుకో, తప్పుకో" అని అరుస్తుంటే మేనకోడలికి అల్లరి పుట్టింది.

"తప్పు కో అంటే, తప్పు తీసుకోమనా మాస్టారూ?"

పిల్లలంతా గొల్లుమన్నారు. బావమరిదికి మాత్రం జేబులోని కట్టర్ తొడకి గుచ్చుకుంది.

"తప్పుకునేముందు వెనకెవరున్నారో చూసుకోండి," అంటూ మాస్టారు ఈసారి ఒకరి వెనక ఒకర్ని నిలబెట్టాడు. బావమరిది వెనక మేనకోడలు. కర్ర వచ్చింది. కాళ్లు వాటంతటవే కదిలాయి. స్పాంజి వెళ్లి పిల్ల నుదుటికి తగిలింది. దెబ్బేం కాదు, నవ్వింది కూడా.

"ఒక్క మాట చెప్పొచ్చుగా మామయ్యా!"

గోడవార నుంచి బావ కేకేశాడు. "వాడి తప్పేం లేదే, నువ్వే చూసుకోవాలి!"

ఆ మాటతో బావమరిది ప్రాణం చచ్చిపోయింది. క్లాసు అవగానే అడ్డదిడ్డంగా చెప్పులేసుకుని, మెట్ల మీద బావని ఆపాడు.

"ఆ రోజు నీ పట్టు జారలేదు బావా. నేనే వదిలేశాను. భయమేసి, చెప్పకుండా వదిలేశాను."

చెంప మీద ఒకటి పడుతుందనుకున్నాడు. ఈసారి కదలకూడదని కూడా అనుకున్నాడు. బావ తన చేతినే చూసుకున్నాడు. పిడికిలి మూశాడు, తెరిచాడు.

"అయితే నా చెయ్యి కాదా?"

"కాదు బావా."

"ఒట్టు?"

"ఒట్టు."

బావ మొహం చాటంతయింది. "అమ్మడూ, నా చేతికేం కాలేదే!" అని కూతుర్ని పిలిచి, బావమరిది ముందు చెయ్యి చాచాడు. "నా కట్టర్ ఇటియ్యి." తిట్టినా ఓర్చుకునేవాడేమో గాని, ఆ సంతోషం చూసి బావమరిది అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చాడు.

కోపం బావకి వీధి మలుపు దగ్గర వచ్చింది. "నేను గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటుంటే రోజూ చూస్తూ కూర్చున్నావురా, నువ్వు!" కూతురి చెయ్యి పట్టుకుని, తమ్ముడిలాంటివాణ్ని అక్కడే వదిలేసి ముందుకి నడిచాడు. ఆ రాత్రి అక్క కూడా తమ్ముణ్ని భోజనానికి పిలవలేదు.

పొద్దున బావమరిది దుకాణానికి భయపడుతూనే వెళ్లాడు. పెద్ద అద్దమొకటి మోయాలి. ఒక చివర తను వంగాడు. రెండో చివర ఎవరొస్తారోనని తలెత్తితే, బావ.

"ఇక వదలను బావా," అన్నాడు.

"వదలొద్దని ఎవరన్నార్రా?" అన్నాడు బావ, అద్దం అంచు పట్టుకుంటూ. "వదిలేటప్పుడు చెప్పు."