రేడియేటరులో శెనక్కాయ చెక్క

మొన్న మా వీధి మలుపులో ఒక కారు ఆగిపోయి, బానెట్ సందుల్లోంచి బుస్సుమని ఆవిరి చిమ్మింది. కాలిన రబ్బరు, తుప్పునీళ్లు కలిసిన ఆ వాసన తగలగానే కూరగాయల సంచితో అలాగే నిలబడిపోయాను. మనవరాలు "ఏమైంది అవ్వా?" అంది. నాకది డ్రైవరు అంజనప్పను గుర్తుచేసే వాసన. ముప్పై ఏళ్ల నర్సు ఉద్యోగంలో నాకు పాఠాలు చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు. నన్ను మనిషిని చేసింది మాత్రం ఆ ఖాకీ చొక్కా ఆయనే.

ఎనభైల్లో, వానలు వరసగా మొహం చాటేసిన కాలంలో, పావగడ తాలూకాలో ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో చేరాను. అక్కడ ఉన్నది ఒక ముసలి జీపు, దాన్ని నడిపేది అంజనప్ప. యాభై దాటిన మనిషి, నుదుట విభూతి, జేబులో విభూతి పొట్లం. జీపు విషయంలో ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఎప్పుడైనా నేను నోరు తెరిస్తే, "బండి సంగతి నాకు చెప్తావా నర్సమ్మా? నీ సూదులేవో నువ్వు చూసుకోపో" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు తిరుమణి వైపు పల్లెలో రత్నమ్మ అనే అమ్మాయికి తొలికాన్పు. తెల్లవారుజామునే ఉమ్మనీరు పోయిందని ఆమె అత్త నన్ను పిలిచింది. నొప్పులు వాటంతట అవే వస్తాయిలే అని చూస్తూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, పట్టణానికి పంపితే కొత్త నర్సుకు చేతకాలేదంటారని నా భయం. పొద్దెక్కినా కాన్పు కాలేదు. అప్పుడు జీపుకు కబురు పెట్టి, ఆసుపత్రికిచ్చే చీటీలో నీళ్లు పోయిన వేళ తొమ్మిది గంటలని రాశాను. డాక్టరమ్మ తిట్లు తప్పించుకోవాలి కదా! నీళ్లు పోయాక ఆలస్యమైనకొద్దీ బిడ్డకు ముప్పని నాకు తెలియక కాదు.

సగం దారిలో జీపు వేడెక్కి పొగలు కక్కింది. ఒక ఊరి చేతిపంపు దగ్గర ఆపాడు. బస్సు మధ్యాహ్నం దాకా లేదు. వెనక సీట్లో రత్నమ్మ పళ్లు బిగబట్టి మూలుగుతోంది, ఆమె అత్త దేవుళ్లందరికీ మొక్కుతోంది. అంజనప్ప బానెట్ ఎత్తి, కాసేపు చల్లారనిచ్చి, తువ్వాలు అడ్డం పెట్టి రేడియేటరు మూత తిప్పాడు. లోపల నీళ్లు లేవు, అంబలిలాంటి గోధుమరంగు ముద్ద ఉంది. ఆయన ముఖం మాడిపోయింది.

పంపు దగ్గర బిందెలు వరసలో పెట్టుకున్న ఆడవాళ్లు చుట్టూ మూగారు. "ఏందప్పా ఇది? ఎవురు చేసినారు?" అని ఒక ముసలమ్మ అడిగింది.

ఏం చెప్పినా చెల్లేది. సర్కారు బండి, పాత సామాను అంటే నమ్మరా? ఆయన మాత్రం తువ్వాలుతో చేతులు తుడుచుకొని, "నేనేనమ్మా. పొద్దున నీళ్లు కారుతాండాయని శెనక్కాయ చెక్క పొడి చేసి పోసినా. అది ఉబ్బి తూటు మూస్తాదనుకున్నా. తూటు మూసుకోలేదు, లోపల దారులన్నీ మూసుకున్నాయి. తప్పు నాదే" అన్నాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! ఎద్దుకు పెట్టేది బండికి పెడతావా?" అని ముసలమ్మ కడిగిపారేసింది. ఆయన తల వంచుకొని, "తిట్టు తల్లీ, కానీ నీళ్లియ్యి. లోపల బిడ్డ ఉండాది" అన్నాడు.

ఆ కరువులో ఒక్క బిందె నిండడానికి చేతులు పడిపోయేవి. అయినా ముసలమ్మే మొదట తన బిందె ఎత్తింది. తర్వాత ఒకరి వెనక ఒకరు. అంజనప్ప కింది గొట్టం ఊడదీసి, నీళ్లు పోసి పోసి ఆ ముద్దంతా కడిగాడు. గొట్టం తిరిగి బిగించి, పొడిగా తుడిచి, జేబులోని విభూతి దానిమీద చల్లాడు. "యాడ తడిస్తే ఆడ నల్లబడతాది, చూడు" అన్నాడు. రేడియేటరులో మళ్లీ నీళ్లు పోయగానే, గొట్టాన్ని బిగించే పట్టీ పక్కన తెల్లటి విభూతిలో సన్నటి నల్లగీత కనిపించింది. పగులు అక్కడే! ఆ చివర రెండు వేళ్లంత కోసేసి, మిగిలిన గొట్టాన్ని లాగి గట్టిగా బిగించాడు. మళ్లీ విభూతి చల్లి నీళ్లు పోస్తే, ఈసారి అది తెల్లగానే ఉంది. నేను మాత్రం రవికెలో దోపుకున్న చీటీని తడుముకుంటూ ఉన్నాను. అది ఒంటికి ముల్లులా గుచ్చుకుంటోంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చీటీ చూసి, "నీళ్లు పోయి రెండు గంటలేగా? కాసేపు చూద్దాం" అంది. కళ్లముందు ఆ ఆడవాళ్ల మధ్య తల వంచుకున్న మనిషి కనిపించాడు.

"కాదు మేడమ్. తెల్లవారుజామునే పోయాయి. వేళ నేనే మార్చి రాశాను."

అందరి ముందూ నన్ను ఉతికి ఆరేసింది. తిడుతూనే ఆపరేషన్ గదికి పరిగెత్తింది.

గంట తర్వాత బయటికొస్తే అంజనప్ప మెట్లమీద కూర్చొని ఉన్నాడు. ఏడుస్తూనే చీటీ సంగతి చెప్పాను.

"తిట్లు పడినాయా?"

"పడినాయన్నా. బాగా."

"బిడ్డ?"

"ఏడ్చింది. ఆడపిల్ల. తల్లీ బాగుండాది."

"ఇంకేమి మరి! తిట్లకు చచ్చినోళ్లు ఎవురూ లేరులే నర్సమ్మా" అని, ఖాకీ చొక్కా అంచుతో తన కళ్లు కూడా తుడుచుకున్నాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత నేనూ తప్పులు చేశాను, చెయ్యలేదంటే అబద్ధమే. తిట్లు తిన్నాను, ఒకసారి జీతం పెరగడం కూడా ఆగింది. వేళ మాత్రం మళ్లీ ఏ చీటీలోనూ మార్చి రాయలేదు.