పటంలో నాలుగు గవాక్షులు

అయ్యా, ఆదోనిలో మీ చేనేత ఆఫీసులో నా అర్జీలు ఏడు ఉన్నాయి. ఏడింటి మీదా ముద్ర పడింది, ఒక్కదానికీ జవాబు రాలేదు. మొదటిది ఇచ్చిన రోజు గుమాస్తా నన్ను కూర్చోమని కూడా అనలేదు. పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ మీద తన క్యారియరు పెట్టుకున్నాడు. పసుపు మూత, నీలం గిన్నెలు. ఏడాదిన్నర అయినా దాని రంగు మరచిపోలేదు.

నేను ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాను. ఆదోని రోడ్డు పక్కన మా పది కుటుంబాల కోసం కట్టిన నేత షెడ్డు గురించే నా ఫిర్యాదు. ఆరోగ్యానికి మంచిది, కరెంటు ఆదా చేస్తుంది అని గేటు దగ్గర బోర్డు రాసి పెట్టారు. అందులో సగం నిజం, దాచను. గోడలు కాల్చని మట్టి ఇటుకలతో మూరెడు మందాన కట్టారు. పైకప్పు మీద తెల్ల పలకలు పరిచారు, ఎండ వాటి మీద పడి వెనక్కి పోతుంది. ఉత్తరం వైపు పెద్ద అద్దాలు ఉన్నాయి, పగలు లైటు వేయనక్కర్లేదు. చల్లగానే ఉంటుంది. కానీ గాలి కదలదు.

మా పాత బాడుగ ఇల్లు మట్టి మిద్దె. మిద్దె నడుమ మూరెడు చదరాన గవాక్షి, ఆకాశానికి తెరిచిన కంత, ఉండేది. వంట పొగ, దారం పీచు, ఉక్క, అన్నీ అందులోంచే పైకి పోయేవి. వాన పడితే ఎవరో ఒకరం ఎక్కి బండతో మూసేవాళ్లం. నా భార్య రాట్నం ఎప్పుడూ ఆ వెలుతురులోనే ఉండేది. ఆమె కండెలకు నూలు చుడుతుంటే పీచు లేచి, వెలుగులో మెల్లగా తిరుగుతూ పైకి పోవడం నేను మగ్గం గుంతలో కూర్చుని చూసేవాణ్ణి. అక్కడ ఉన్నన్నాళ్లూ ఆమెకు దగ్గు లేదు.

షెడ్డు కట్టకముందు ఇంజినీరు వచ్చి మా ముందు పటం పరిచాడు. పైకప్పులో నాలుగు చదరాలు గీసి ఉన్నాయి.

"ఇవేంది సార్?" అని అడిగాను.

"మీ గవాక్షులే పెద్దాయనా. మీ ఇళ్లు చూసే పెట్టాను. వేడి, దుమ్ము వీటిలోంచే పోతాయి" అన్నాడు.

ఆ ఒక్క మాట నమ్మి పాత ఇంట్లో మగ్గం గుంత పూడ్చి, ఇల్లు అప్పజెప్పాను. మాఘమాసంలో షెడ్డు తెరిచారు. ఆనాటి ఫొటోలో నా భుజం ఒక్కటే పడింది, అది వేరే సంగతి. లోపలికి పోయి తలెత్తి చూశాను. నాలుగు చదరాలూ లేవు. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే కప్పు. అద్దాలు కూడా తెరుచుకోవు. బయటి దుమ్ము రాకుండా బిగించేశారట. లోపలి దుమ్ము ఎటు పోవాలో ఎవరూ చెప్పలేదు. ఆ వారమే మొదటి అర్జీ ఇచ్చాను. ఉగాది నాటికి నా భార్యకు దగ్గు మొదలైంది.

ఇక నా తప్పు. నేను చెప్పకపోతే మీ ఆఫీసువాళ్లు చెబుతారు. మా వైపు మట్టి మిద్దెలున్నవాళ్లు వానలకు ముందు చౌడు మన్ను తెచ్చి మిద్దె మీద పరిచి తొక్కుతారు. అలా చేస్తే నీళ్లు కిందికి దిగవు. పుట్టినప్పటి నుంచి ఏటా చేస్తున్న పని. మృగశిర కార్తె వస్తోందంటే నా కాళ్లు నిలవలేదు. అందరినీ పిలిచాను. గంపలతో చౌడు మోసి, ఆ తెల్ల పలకల మీద నాలుగు వేళ్ల మందాన పరిచి, నున్నగా తొక్కాం. కిందికి దిగి టీ తాగుతూ, ఇక ఎంత వానైనా రానీ అనుకున్నాం.

మూడో రోజు ఇంజినీరు వచ్చి నిచ్చెనెక్కాడు.

"ఎవరయ్యా ఇది పోసింది?"

"వానలు వస్తాండాయి గదా సార్" అన్నాను.

"ఇది మట్టి మిద్దె కాదయ్యా! తెల్లగా ఉంటేనే ఎండ వెనక్కి పోయేది. ఉన్న చల్లదనమంతా పాడు చేశారు."

నా పక్క మగ్గం ఆయన నోరు ఊరుకోదు. "తెల్లగుంటేనే సల్లగుంటాదని మాకేం తెల్సు సార్? మేమంతా నల్లగుండాము" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంజినీరు నవ్వలేదు.

రెండు రోజులు మేమే గోకి, కడిగి, రుద్దాం. అయినా పలకలకు మన్ను రంగు కొంచెం పట్టే ఉంది. ఆనాటి నుంచి ఆఫీసులో నా పేరు మన్ను పెద్దాయన. కార్తీకంలో ఐదో అర్జీ తీసుకుని పోయినప్పుడు గుమాస్తా దూరం నుంచే కేకేశాడు.

"ఏమప్పా, మళ్లా వచ్చినావా? ఈతూరి యాడ పోసినారు మన్ను?"

"ఇంజినీరు సార్ యాడుండాడన్నా?"

"ఉరుకుందకు పోయినాడు. జాతర డ్యూటీ."

"జాతర శ్రావణంలోనే అయిపోయె గదన్నా. ఇది కార్తీకం."

"అట్లయితే ఇంక యాడికో పోయింటాడు. కాగితం ఆడ పెట్టిపో."

అర్జీలో ఏం రాశానో అతను చదవలేదు. తిరుగు బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. కమ్మీ పట్టుకుని ఎమ్మిగనూరు దాకా నిలబడే వచ్చాను.

ఈ ఎండాకాలం నా భార్యను ఆదోనిలో డాక్టరుకు చూపించాను. పీచులో కూర్చోవద్దమ్మా, లేదంటే గాలి ఆడేచోట కూర్చో, అన్నాడు. ఆమె రాట్నం ఎత్తుకుని షెడ్డు బయట గోడ నీడలోకి పోయింది. అక్కడ పడమటి గాలికి నూలు చిక్కుపడుతుంది. లారీ పోయిన ప్రతిసారీ రోడ్డు దుమ్ము కండెల మీద పడుతుంది. మధ్యాహ్నానికి నీడ పోతే మళ్లీ లోపలికి వస్తుంది, మళ్లీ దగ్గుతుంది. నేను నాలుగు పోగులు నేస్తాను, లేచి తలుపు దాకా పోతాను, వచ్చి కూర్చుంటాను, మళ్లీ లేస్తాను. మొన్న ఏడో అర్జీ రాస్తుంటే ఆమె చూసింది.

"నువ్వు కాగితాలు రాస్తాండు, నేను దగ్గుతాంటా. ఎవురిది ముందు అయిపోతాదో సూస్తాం" అంది.

నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

ఆ గవాక్షులు నేనే తెరుద్దామని గడ్డపార తీసుకుని నిచ్చెనెక్కాను. పక్క మగ్గం ఆయన నిచ్చెన పట్టుకుని ఆపాడు. "మన్ను పోసినందుకే ఇట్ల సేస్తాండారు. బొక్క పెడితే మనల్నందర్నీ బయటికి తోల్తారన్నా" అన్నాడు. పది కుటుంబాల మాట కాబట్టి దిగాను.

అయ్యా, మన్ను సంగతి వేరు, గవాక్షుల సంగతి వేరు. మన్ను నేను పోశాను, నేనే కడిగాను. గవాక్షులు మీరు గీశారు, మీరే మూశారు. అదీ మేము మన్ను పోయకముందే. మూయమన్నది ఎవరో నాకు అక్కర్లేదు. ఒక్క మధ్యాహ్నం రండి. అద్దాలన్నీ బిగించిన ఆ గదిలో, ఆమె రాట్నం పక్కన, ఒక గంప కండెలు నిండేదాకా కూర్చోండి. తర్వాత ఆ నాలుగూ తెరుస్తారో తెరవరో కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టండి. తెరిచేది లేదని రాసినా తీసుకుంటాను. ఇప్పుడైనా చెప్పండి, ఎప్పుడు వస్తారు?