కిటికీ దగ్గరి క్రోటన్

భీమవరం శివార్లలో మేం అద్దెకున్న మేడమీది వాటాకు పెరడు లేదు. పక్షవాతంతో కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయిన మా అత్తగారిని పల్లె నుంచి అక్కడికే తెచ్చుకున్నాం. ఆవిడ మంచం కిటికీ పక్కన వేశాం. బయటికి చూస్తే కనుచూపుమేర రొయ్యల చెరువులే.

“ఒక్క పచ్చటాకైనా కనపడదేంటమ్మా?” అనేవారు.

మా వారు పనిమీద కడియం వెళ్లినప్పుడు నర్సరీలో ఒక క్రోటన్ మొక్క కొని, కుండీని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. వెడల్పాటి ఆకులు, వాటిమీద పసుపూ ఎరుపూ చారలు. కిటికీ దగ్గర పెడితే అత్తగారు ఎడమచేత్తో ఒక్కో ఆకూ తడిమి చూసుకునేవారు. నేను ఇల్లు తుడుస్తుంటే, కొత్త చిగురు ఏ రంగులో విచ్చుకుంటుందో నాకు ముందే చెప్పేవారు.

ఎండలు ముదిరేసరికి ఆకుల కొసలు మాడాయి. అగ్గిపుల్లతో అంచులు కాల్చినట్టు కనిపించేవి. నీళ్లు చాలడం లేదనుకుని రెండుపూటలా పోశాను. ఆకులు రాలడం మొదలైంది. నీళ్లే ఎక్కువయ్యాయేమోనని భయపడి, మొక్కను మట్టిగడ్డతో సహా పైకి తీసి చూశాను. వేళ్లు కుళ్లలేదు, వాసనా లేదు. మళ్లీ పాతాను. తర్వాత ఆకుల అడుగున దూదిలా అంటుకున్న పిండినల్లి కనబడింది. కారణం దొరికిందని సంబరపడ్డాను. సబ్బునీళ్లతో ఆకులన్నీ కడిగి, వేపనూనె కలిపిన నీళ్లు చల్లాను. పురుగు పోయింది. మాడడం మాత్రం ఆగలేదు.

ఒక మధ్యాహ్నం మట్టిమీద తెల్లటి పొర కనిపించింది. గోటితో గీకి నాలుకమీద పెట్టుకున్నాను. ఉప్పు.

మా బోరునీళ్లలో సబ్బు నురగే వచ్చేది కాదు. ఆ నీళ్లే మొదటినుంచీ కుండీలో పోస్తున్నాను. పురుగు కడిగిందీ ఆ నీళ్లతోనే.

“అత్తయ్యగారూ, బోరునీళ్లేనండి దీన్ని చంపుతున్నది.”

ఆవిడ ముద్దముద్దగా అన్నారు. “మన చేనూ అంతేనమ్మా. చుట్టూ రొయ్యలకని ఉప్పునీళ్ల చెరువులు తవ్వాక ఇలాగే మాడింది. తడిపేకొద్దీ మాడేది.”

ఉప్పు కిందికి దిగి పోవాలంటే మంచినీళ్లు కుండీ నిండా పోసి, అడుగు చిల్లులోంచి కారనిచ్చి, మళ్లీ మళ్లీ పొయ్యాలి. మున్సిపాలిటీ కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. బిందెలు మెట్లెక్కించి తెచ్చుకుంటే అవి తాగడానికీ వంటకే సరిపోయేవి. బియ్యం కడిగిన నీళ్లు పోసేదాన్ని. అవి పైమట్టిలోనే ఇంకిపోయేవి.

ఆ రోజుల్లోనే అత్తగారికి జ్వరం వచ్చింది. చూడ్డానికొచ్చిన డాక్టరు గారు, “ఈవిడ నీళ్లు తాగడం లేదా అండీ?” అని నన్నడిగారు. గ్లాసు ఎప్పుడూ ఖాళీ అవుతూనే ఉందని చెప్పాను. మర్నాడు వంటింట్లోంచి వస్తూ చూశాను. ఎడమచేత్తో గ్లాసు ఎత్తి, కుండీలోకి వంపుతున్నారు. సగం పక్కమీదే ఒలికింది.

“అవి మీరు తాగాల్సిన నీళ్లండీ!”

“నేను తాగి చేసేదేముందమ్మా?”

కుండీని చెయ్యి అందనంత దూరం జరిపాను.

తొలివాన పడగానే కుండీ ఎత్తుకుని డాబా మీదికి పరుగెత్తాను. అడుగునుంచి నీళ్లు ధారగా కారుతుంటే తడుస్తూ అక్కడే నిలబడ్డాను. అప్పటికి కొమ్మ చివర రెండో మూడో ఆకులున్నాయి. వాన వెలిశాక అవీ రాలిపోయాయి.

చిగురు కోసం ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి ఆవిడ ముందే కాండం మీద గోటితో గీరాను. బెరడు కింద పచ్చదనం ఉంటే ప్రాణం ఉన్నట్టు.

“ఉందా?” అని అడిగారు.

పైన గీరాను, మధ్యలో గీరాను, మట్టిని ఆనుకుని గీరాను. అంతా ఎండుపుల్ల రంగే.

“లేదండి.”

సాయంత్రం మా వారు ఇంకో మొక్క తెస్తానన్నారు.

“వద్దురా. దానికీ ఈ నీళ్లేగా,” అన్నారావిడ. తర్వాత నన్ను పిలిచి, కిటికీవైపు కాకుండా గోడవైపు తిప్పి పడుకోబెట్టమన్నారు. నడుము కింద చెయ్యి వేసి మెల్లగా తిప్పాను. ఆ రోజు నుంచి అటే తిప్పమనేవారు.